ఒక్క వాక్యపు అభ్యంతరం

మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నట్టేనా? పదకొండేళ్ళుగా ఐవింద్‌ను ఈ సందేహం వదల్లేదు. ఆదివారం చర్చిలో మోకరిల్లి కూడా అదే అడిగేవాడు. దేవుడు పలకలేదు. అది ఒప్పుకోలో, కాదో తెలియలేదు.

పదకొండేళ్ళ కిందట అతను నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో, తన దేశపు ఎంబసీలో కొత్త ఉద్యోగి. తమ పొరుగు దేశం నుంచి ఒక సముద్రపు మ్యాపు వచ్చింది. ఐవింద్ ఊరివాళ్ళు తరతరాలుగా చేపలు పట్టే నీళ్ళను కూడా ఆ దేశం తన సరిహద్దు గీత లోపలే చూపించుకుంది. ఐవింద్ "అందింది, ధన్యవాదాలు" అని జవాబు రాసి, మ్యాపును బీరువాలో పెట్టేశాడు.

ఎంబసీ లాయరు హన్నెకె తల పట్టుకుంది.

"ఇల్లు లాక్కున్నా థాంక్స్ చెప్తావా, రాయబారిగారూ? 'మేం ఒప్పుకోం' అని ఒక్క వాక్యం రాయి. చాలు."

"స్నేహితులతో గొడవెందుకు? చట్టం నీ పని. మర్యాద నా పని."

"చట్టం మీ అమ్మ కాదు బాబూ, నోరు విప్పకపోయినా మనసు తెలుసుకోడానికి!"

అతను నవ్వేశాడు. రాద్దాంలే అనుకున్నాడు. రాయలేదు.

ఆ నెలలోనే ఓ సాయంత్రం. ట్రామ్ స్టాపులో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"డెల్ఫ్ట్ ఊరి డాక్టరొకతను పెళ్ళి చేసుకుందామంటున్నాడు," అంది హన్నెకె వానను చూస్తూ. "నువ్వేమంటావ్?"

ఆమె చెవిపోగు మీద చినుకొకటి వణుకుతోంది. వద్దనాలనిపించింది అతనికి. అడ్డుపడడం మర్యాద కాదనుకున్నాడు. ట్రామ్ వచ్చింది. ఆమె ఒక్క క్షణం ఆగి, ఎక్కేసింది.

ఇవాళ ఆ నీళ్ళ మీద అంతర్జాతీయ కోర్టు తీర్పు చెప్పింది. ఇన్నేళ్ళూ అభ్యంతరం చెప్పలేదు కనుక ఒప్పుకున్నట్టే. ఆ నీళ్ళు పోయాయి.

"పడవ అమ్మేస్తున్నాన్రా," అన్నాడు ఊళ్ళో చేపలు పట్టే అన్న, ఫోన్‌లో.

కోర్టు మెట్ల దగ్గర హన్నెకె వానలో నిలబడి ఉంది. వేలికి ఉంగరం.

"చెప్పానా, లేదా?" అంది. గొంతులో గెలుపు లేదు.

"చెప్పావు. రెండుసార్లూ."

"రెండోసారి చెప్పలేదు, ఐవింద్. అడిగాను."

అతను తీర్పు ప్రతి వెనక 'నేను ఒప్పుకోను' అని రాశాడు. కింద ఆ ట్రామ్ స్టాపు నాటి తేదీ వేయబోయి, ఆగి, ఇవాళ్టిది వేసి అందించాడు.

ఆమె చదివింది. సిరా తడిసి అలుక్కుపోతోంది.

"గడువు దాటిపోయింది."

"తెలుసు. నీకు బాకీ ఉండిపోయింది. తీర్చేద్దామని."

ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అందింది," అంది. ధన్యవాదాలు అనడానికి నోరు రాలేదు.