వెలుతురుకి పట్టిన కాగితం

"ఈ గొంతు ఎవరిది?" అంటూ చీఫ్ టేప్ ఆన్ చేశాడు.

ఏజెంట్ విన్నాడు. తనదే. ప్లేట్ల చప్పుడు మధ్య తన గొంతు కోతలు కోస్తోంది.

"పాత ఆపెరా స్వరాల కాగితాలు కొనేవాణ్ణి ఇట్టే పట్టేయొచ్చు మేడమ్. ధర అడగడు. ముందు కిటికీ దగ్గరికెళ్లి, కాగితాన్ని వెలుతురుకి పట్టి వాటర్‌మార్క్ చూస్తాడు. మా మామగారైతే అలా బొమ్మలా నిలబడిపోతారు!"

తర్వాత మేడమ్ నవ్వు వినిపించింది.

ఏ మిషన్‌కి వెళ్లినా సూటు నలగకుండా తిరిగొస్తాడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'పెళ్లికొడుకు' అంటారు. మేడమ్ ఆపెరా గాయని, కళ్లు తిప్పుకోనివ్వని అందగత్తె. విదేశీ ముఠా రహస్యాలు మోసుకొచ్చే తమ మనిషేనని అందరూ నమ్మారు.

"డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "ఆమె డ్రెస్‌కి పెట్టుకునే బ్రూచ్‌లో మైక్ ఉంది. ముఠాకి పంపిన ఈ టేప్ ఇప్పుడే మన చేతికి చిక్కింది. ముఠా టార్గెట్ మీ మామగారు. మన సైఫర్లు, అదే రహస్య లిపులు, అన్నీ ఆయన బుర్రలో పుట్టినవే కదా. ఆక్షన్ హౌస్‌లో ఆమే ఒక అరుదైన స్కోరు, ఆపెరా స్వరాల కాగితాల కట్ట, అమ్మకానికి పెట్టింది. ఆయన చూడ్డానికి వెళ్లారు. ఎదురు బిల్డింగ్‌లో షూటర్ ఉన్నాడు. ఏ గదిలోనో తెలీదు."

"ఫోన్ చేస్తే?"

"ఆ గదిలోకి ఫోన్లు రానివ్వరు. కౌంటర్లోనే పెట్టించుకుంటారు. నువ్వు పెట్టిన చిచ్చు నువ్వే ఆర్పుకో. వెళ్లు."

పెళ్లికొడుకు తలెత్తలేకపోయాడు. మామగారి కాగితాల పిచ్చిని ఇంట్లో ఎన్నోసార్లు వెక్కిరించాడు. ఆ పిచ్చినే అరువు తెచ్చుకుని ఓ అందగత్తె ముందు గొప్పలకు పోయాడు.

ఆక్షన్ హౌస్ వెనక గేటు. పోర్టర్ యూనిఫాం, తోపుడు బండి, అతికించిన మీసం. అప్పుడే గార్డు వేషంలో వచ్చి నిలబడ్డ తమ మనిషి అడిగాడు.

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"బద్ధకస్తులకి."

కోడ్ సరిపోయింది. బండి వదిలేసి మెట్ల మీద పరుగెత్తాడు.

తలుపు తోసేసరికి మామగారు ఓ కాగితం పట్టుకుని కిటికీ చేరుకున్నారు. మేడమ్ మాత్రం కిటికీకి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడింది.

"వంగండి సార్!"

"ఒక్క నిమిషం," అన్నారు మామగారు, వెనక్కి కూడా చూడకుండా. కాగితం పైకెత్తారు.

మధ్యలో పొడుగాటి బల్ల. దూకినా మామగారు చేతికి అందరు. బల్ల మీద స్కోరులోని మిగతా కాగితాలు పరిచి ఉన్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. పెళ్లికొడుకు పైన ఉన్నదాన్ని అందుకుని అడ్డంగా చింపేశాడు.

పర్ర్‌మంది.

కేకకి కదలని మనిషి ఆ చప్పుడుకి గిర్రున తిరిగి బల్ల మీదికి ఉరికారు. అదే క్షణంలో కిటికీ అద్దం భళ్లున పగిలింది. తూటా ఎదురు గోడలో దిగింది.

"తూటా వచ్చిన కిటికీ తెలిసింది. షూటర్ దొరికాడు," రెండు నిమిషాల్లో చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

వెనకే వచ్చిన గార్డు తలుపు దగ్గర మేడమ్‌కి బేడీలు వేశాడు. ఆమె చెక్కు చెదరలేదు.

"మీ అల్లుడు బాగా మాట్లాడతారండీ," అంది మామగారితో, పోతూ పోతూ. "భోజనాల దగ్గరైతే మరీనూ."

మామగారు పోర్టర్ మొహంలోకి చూశారు. మీసం సగం ఊడి వేలాడుతోంది.

"అల్లుడూ, నేను కిటికీ దగ్గరికెళ్తానని వాళ్లకెలా తెలిసింది?"

"నేనే చెప్పాను మామయ్యగారూ. ఆవిడతో డిన్నర్ చేస్తూ. గొప్ప కోసం." వేలాడే మీసం పీకేశాడు. "చెంప పగలగొట్టండి."

ఆయన కొట్టలేదు. చిరిగిన ముక్కల అంచులు కలిపి చూసుకున్నారు. అది చూడ్డం దెబ్బకన్నా కష్టంగా ఉంది.

"ఆ రోజు ఎక్కడున్నానని చెప్పావు మా అమ్మాయికి?"

"ఆఫీసులో అని."

"ఊఁ."

"దయచేసి తనకి చెప్పకండి."

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు. పద, కారు తియ్యి. పక్కన నేనుంటాలే."

శత్రువు చేతికి చిక్కితే నోరు ఎలా మూసుకోవాలో సర్వీసులో అతనికి బాగానే నేర్పారు. ఇంటికెళ్లి ఎలా విప్పాలో ఎవరూ నేర్పలేదు.