నాలుగో వాల్వు

మెకానిక్‌కి ఆ కారంటే మొదటి చూపులోనే ఏవగింపు పుట్టింది. అంతకంటే ముసలి బళ్ళను బాగుచేసిన చెయ్యి అతనిది. కానీ వాటికి మాడిన ఆయిల్ వాసన ఉండేది, దీనికి విరిగిన పాల కంపు. చెల్లెలి మొగుడు మాత్రం చవగ్గా దొరికిందని చంకలు గుద్దుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, పొద్దస్తమానం దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

"ఆసుపత్రికి దీన్లోనే తీసుకెళ్ళాలి బావా. ఆ టకటక మాత్రం ఆపెయ్యండి. అది వింటే చాలు, మీ చెల్లెలికి కడుపులో తిప్పేస్తోంది."

మూడు టక్కులు వరసగా, నాలుగోది కాస్త ఆగి. అదీ ఆ ఇంజను మోత.

చెల్లెలికి నెలలు నిండాయి. షెడ్డు వెనక గదిలో పడుకుని ఉంది. రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు కాబట్టి, ఆమెను అందరూ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

సాయంత్రం వాన పట్టింది. ఇంజను పూర్తిగా చల్లారాక అతను వాల్వుల మూత విప్పాడు. లోపల ఆయిల్ మీద మీగడలా తెల్లటి జిగురు పేరుకుని ఉంది. వేలు పెడితే తీగలా సాగింది. ఆయిల్లో నీళ్ళు కలిశాయేమో నాలుకకి రాసుకుని చూడడం అతని అలవాటు. చెయ్యి దానంతటదే నోటికి పోయింది.

తియ్యగా ఉంది. గోరువెచ్చగా కూడా...

ఛీ! డోక్కుంటూ బయటికి పరిగెత్తాడు. పుక్కిలించాడు, ఉమ్మాడు, నాలుకను గుడ్డతో గీకాడు. ఆ రుచి కొండనాలుక దగ్గరే కూర్చుంది.

జిగురంతా చెంచాతో తోడితే అడుగున పల్చటి పొలుసులు బయటపడ్డాయి. చేప పొలుసులనుకుని ఒకటి వేలిమీద పెట్టుకుని చూశాడు. గోరు. పసిపిల్లల గోరు. అన్నిటినీ మురిక్కాలవలోకి విదిలించాడు. ఈ మాట చెల్లెలి చెవిన పడితే ఇంకేమైనా ఉందా!

వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు వదలాలి. సన్నటి ఇనుపరేకు దూర్చి, అది కాస్త పట్టీపట్టనట్టు జారేలా మర బిగించాలి. 'మోగే వాల్వు బతుకుతుంది, మూగ వాల్వు మాడుతుంది' అనేవాడు అతనికి పని నేర్పిన ముసలాయన. మూడు సవ్యంగా కుదిరాయి. నాలుగోదాంట్లో రేకు దూర్చాడు.

లోపలినుంచి ఏదో దాన్ని పట్టుకుని లాగింది. మెత్తగా...

రేకు ఊడబెరికి, ముసలాయన మాట గాలికొదిలి, సందన్నదే లేకుండా మర బిగించేశాడు. మూత వేసి ఇంజను తిప్పాడు. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకీ పిడిని చెవికీ ఆనించి విన్నాడు. టక్కు లేదు.

"మీ చేతిలో మహిముంది బావా!" అన్నాడు చెల్లెలి మొగుడు.

వెనక గదిలోంచి సన్నటి పిలుపు. "అన్నయ్యా..."

ఆమె పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇందాకటిదాకా తన్నేది. ఇప్పుడు తన్నడం లేదు... తడుతోంది."

స్క్రూడ్రైవర్ అతని చేతిలోనే ఉంది. పిడిని ఆమె పొట్టమీద మెల్లగా ఆనించి, మొనవైపు చెవి వంచాడు.

టక్ టక్ టక్... టక్.

అతను వెర్రివాడిలా షెడ్డులోకి పరిగెత్తాడు. మూత పీకి, నాలుగో మర వదులు చేశాడు. ఇంజను తిప్పాడు. కారు మోగలేదు. ఇంకా వదులు చేశాడు. మోగలేదు.

"అన్నయ్యా," గదిలోంచి గుసగుసగా అంది చెల్లెలు. "నోరంతా... తియ్యగా ఉందేంటి?"