గేటు దగ్గర ఆగిన కారు

మార్కాపురంలో ప్రైవేటు డిటెక్టివు అని బోర్డు పెట్టుకుని బతకడం తేలికైన పనేం కాదు. సంజీవరావుగారి దగ్గరికి వచ్చే కేసుల్లో సగం తప్పిపోయిన గేదెలవే. అయినా ఆయన అసిస్టెంటు నిత్యానందానికి మాత్రం, తన గురువును మించిన బుర్ర మద్రాసు రాజధాని మొత్తంలో లేదని గట్టి నమ్మకం.

1938 వేసవిలో ఒక ఉదయం, డాక్టరమ్మ యేసుమణిగారి కారు డ్రైవరు గిద్యోను వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"రేపు పోలీసులు నన్ను పట్టుకపోతారు సార్. లీదియాను నేనే చంపినానంట!"

సంగతి ఇది. మూడు రోజుల కిందట ఇశ్రాయేలు భార్య లీదియాకు కాన్పు కష్టమైంది. ఆపరేషను కావాలని డాక్టరమ్మ తన కారిచ్చి నంద్యాలకు పంపింది. గిద్దలూరు దాటాక రైలు గేటు పడింది. కారు ఆపితే ఇంజనూ ఆగిపోయింది. గేటు ఎత్తాక గంటసేపు హ్యాండిలు తిప్పినా అంటుకోలేదు. లీదియా అక్కడే, భర్త ఒళ్ళోనే ప్రాణం విడిచింది. బిడ్డా దక్కలేదు. గిద్యోను కావాలనే కారు ఆపాడని ఇశ్రాయేలు ఫిర్యాదు చేశాడు. చర్చి పెద్దల ఎన్నికలో ఆ ఇద్దరికీ చెడిందని ఊరందరికీ తెలుసు.

"అంతకుముందు కారు బాగుండేదా?" అని అడిగాడు సంజీవరావు.

"సోమవారం నుంచి ఇట్లనే సార్. పోతాంటే బాగనే పోతాది. నిలబెడితే చస్తాది. ప్లగ్గులు తుడిచినా, కార్బురేటరు ఊడదీసి కడిగినా. ఏం చేసేది నాకు దిక్కు తోచలా."

ముగ్గురూ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళారు. గిద్యోను చెమటలు కక్కుతూ ఎట్లాగో ఇంజను అంటించాడు. సంజీవరావు వంగి చాలాసేపు చెవి పెట్టి విన్నాడు. ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది. యాక్సిలరేటరు వదలగానే ఇంజను వణికి ఆగిపోయింది.

"అద్దం మీద వాన తుడిచే పుల్ల ఎప్పుడు వాడావు?"

"మూడేండ్లాయె సార్. వానేది? దాని ఊసే మరిచినా."

"కారు దగ్గరికి ఎవరెవరు వస్తారు?"

"నేను, కారు తుడిచే మగ్దలీనమ్మ. ఇశ్రాయేలు తల్లే సార్. ఆమె చీమకు కూడా అపకారం చెయ్యదు."

అక్కణ్ణించి గురుశిష్యులు ఇశ్రాయేలు ఇంటికి నడిచారు. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏంది సార్ మీరు అడిగేది? వాడు హ్యాండిలు తిప్పినట్ల నటించినాడు. నా కండ్లతో చూసినా."

పంచలో మగ్దలీనమ్మ కన్నీళ్ళు కారుస్తూ మేకపిల్లకు పాలు పడుతోంది. మందు సీసా, దాని మూతికి నల్లటి రబ్బరు గొట్టం.

"తల్లి లేని పిల్ల నాయనా. గుడ్డ ముంచి పట్టిస్తే చీకడంలేదని మా లీదియా ఒకటే దిగులు పడేది," అంది ముసలామె.

సంజీవరావు ఆ సీసా వంక చూసి, ఇంకే ప్రశ్నా అడగకుండా లేచాడు. దారిపొడుగునా నోరు విప్పలేదు. గురువు మౌనంగా ఉంటే కేసు తేలినట్టేనని నిత్యానందం లోలోపల తెగ మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఇంటి ముందు అందరూ చేరారు. హెడ్డు కానిస్టేబులు ఫిర్యాదు కాగితం పట్టుకుని నిలుచున్నాడు. సంజీవరావు ఇంజను అంటించమన్నాడు. అది వణుకుతుండగా, ఇంజను వెనకవైపు ఒక చిన్న బెజ్జం మీద బొటనవేలు నొక్కిపెట్టాడు. ఇంజను కుదురుగా తిరిగింది. వేలు తీశాడు. ఆగిపోయింది.

"వాన తుడిచే పుల్ల ఇంజను గాలి లాగే బలంతో ఆడుతుంది. దానికి పోయే రబ్బరు గొట్టం ఇక్కడ ఉండాలి, లేదు. ఈ బెజ్జంలోంచి దొంగగాలి పోతోంది. జోరు మీద ఉంటే ఇంజను దాన్ని లెక్కచెయ్యదు. నెమ్మదిస్తే చాలు, గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. హ్యాండిలు తిప్పినప్పుడూ అంతే. గిద్యోను కావాలని ఆపలేదు."

"మరి గొట్టం తీసిందెవరు?" అన్నాడు హెడ్డు.

సంజీవరావు బొటనవేలికి అంటిన నూనె రుమాలుతో తుడుచుకోసాగాడు. అప్పుడు గుర్తొచ్చింది నిత్యానందానికి ఆ సీసా. గురువు ఈ ఒక్క కేసు ఓడిపోయినా బాగుండేదనిపించింది.

"ఏ గొట్టం నాయనా?" అంది మగ్దలీనమ్మ. "అద్దం కాడికి పోయే నల్లదా?"

ఆమె అందరి ముఖాలూ చూసి గిద్యోను వైపు తిరిగింది.

"నువ్వే గదా నాయనా చెప్పినావు, వానొస్తేనే దాంతో పని అని! మేకపిల్లకని కోడలు అడగతా ఉంటే ఆదివారం సాయంత్రం నేనే పీకి తీసకపోతి."

గిద్యోను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నిర్దోషినని తేలినందుకు అతనిలో సంతోషం రవ్వంత కూడా లేదు. ముసలామె ఉన్నచోటే నేలమీద చతికిలబడింది. డాక్టరమ్మ వెళ్ళి పట్టుకుంది.

ఇశ్రాయేలు తన తల్లి వైపు చూడలేదు, గిద్యోను వైపూ చూడలేదు. హెడ్డు చేతిలోని కాగితం వైపు చూసి, సంజీవరావును అడిగాడు:

"ఇప్పుడు నేనెవరి మీద పెట్టాల సార్ కేసు?"

నిత్యానందం ఆశగా గురువు ముఖంలోకి చూశాడు. ఆయన ఆగిన ఇంజను మీదికి వంగి, ఆ చిన్న బెజ్జాన్ని మళ్ళీ బొటనవేలితో మూశాడు.