రెండువందల పదిహేడో ఇప్పచెట్టు

పందొమ్మిదివందల తొంభై తొమ్మిది... ఆషాఢ బహుళ అమావాస్య... సాయంత్రం ఐదు దాటి పావుగంట!

రాహువు సూర్యబింబాన్ని అంచు నుంచి కొరకడం మొదలుపెట్టిన ఘడియ అది. చర్లకు అవతల అడవి మీద మేఘాలు కాటుక కొండల్లా కమ్ముకున్నాయి. పక్షులు పగలే గూళ్లకు చేరి నోళ్లు మూసుకున్నాయి. పగటిని రాత్రనుకున్న గుడ్లగూబ ఒకటి మూడుసార్లు కూసి, నాలుగోసారి ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది!

తండాలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. గ్రహణం వేళ ఒళ్లో పిల్ల ఉన్న ఆడది గడప దాటకూడదు. అయినా ద్వాలి నడుస్తోంది... ఎడమ చంకలో ఆరు నెలల లాలి. కుడిచేతిలో చుట్టచుట్టిన కొలత టేపు. కళ్లు తెరిచే ఉన్నాయి... రెప్పలు మాత్రం పడటం లేదు!

భయం లేదు. ఏడుపు లేదు. సున్నం ఎక్కువై మొద్దుబారిన నాలుకలా ఉంది మనసు. రెండేళ్ల కిందట పెద్దపిల్ల మోతీ జ్వరంతో పోయినప్పటి నుంచీ అంతే. దవాఖానకు మోసుకుపోతుంటే దారిలోనే చల్లబడింది. ఇప్పచెట్టు మొదట్లో పూడ్చారు. బిడ్డ పడుకున్న చెట్టు మీద గొడ్డలి పడకూడదని తండా కట్టుబాటు. లాలి పుట్టాక ద్వాలికి ఒక్కటే ధ్యాస... ఘడియకోసారి పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం.

"ఏందే కోడలా, పొద్దుమాను గా ఏలు ఆడ్నే పెడ్తవ్? నీ ఏలు అడ్డమయ్యే పిల్లకు గాలాడకుంటైతది!" అని అత్త జమ్లి ఎకసెక్కం చేసేది. ద్వాలి నవ్వేది కాదు. వేలు తీసేదీ కాదు.

ఏడాది కిందట అడవికి ఒక వింత కాలం వచ్చింది. దేశంకాని దేశాల్లో ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ పొగను చెట్లు మింగుతాయట. చెట్టును నరకకుండా నిలబెడితే, అది మింగిన పొగ కొద్దీ ఆ దేశాల వాళ్లు తండాకు డబ్బు పంపుతారట!

"గాలికి పైసలిస్తరా సారూ? గట్లయితే మా అవ్వ పొద్దంతా నోరు మూయది, ఆమె గాలికెంతిస్తరు?" అని అడిగాడు ద్వాలి మొగుడు గోప్యా. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన అడవి సొసైటీ సారుతో సహా అందరూ నవ్వారు.

కానీ డబ్బు నిజంగానే వచ్చింది. దాంతో తండాకు జీపు వచ్చింది, దవాఖానకు పోవడానికి. మిగతా సంగతులేవీ ద్వాలికి అర్థం కాలేదు; జీపు మాత్రం అర్థమైంది. చెట్లు నిలబడితే జీపు ఉంటుంది. జీపు ఉంటే లాలి ఉంటుంది.

చెట్లు కొలిచే పని గోప్యాది. మనిషి రొమ్ము ఎత్తున కొలవాలని సారు చెబితే, మిగతా తండాల వాళ్లు గీత గీసిన కర్ర పట్టుకున్నారు. గోప్యా పెళ్లాన్ని పట్టుకుపోయాడు! ద్వాలి చెట్టుకు ఆనుకుని నిలబడి, టేపు మొదలును తన రొమ్ము ఎత్తున బొటనవేలితో అదిమిపట్టేది. గోప్యా మాను చుట్టూ తిప్పి తెచ్చేవాడు. నాలుగో తరగతి చదివిన ద్వాలి అంకె చదివేది. కొలిచిన చెట్టుకల్లా నంబరు వేసిన రేకు బిళ్ల. మోతీ చెట్టుది రెండువందల పదిహేడు.

మొన్న వేసంగిలో టేపు మొదలు ఒక మద్దిచెట్టు పగుల్లో చిక్కుకుని, సరిగ్గా పది అంకె దగ్గర పుటుక్కున తెగింది. "పోనీతీ, పది కాడికెల్లి కొలిచి, పది తీసేద్దాం" అన్నాడు గోప్యా. తెగిన ముక్కను పారేయబుద్ధి కాలేదు ద్వాలికి. అన్ని చెట్ల రొమ్మునూ మొట్టమొదట తాకిన ముక్క అది. లాలి మొలతాడుకు తాయెత్తులా ముడివేసింది.

ఇదంతా కలప కాంట్రాక్టరుకు కంటగింపైంది. పచ్చని చెట్టును ముట్టనివ్వరు సరే... చెట్లన్నీ నిలువునా ఎండితే? పొగ డబ్బు ఆగిపోతుంది, కాపలా లేస్తుంది, లారీలు దిగుతాయి. అందుకే గోదావరి అవతలి నుంచి జంపయ్యను రప్పించాడు... శవభస్మం పూసుకుని పిశాచాలను పోషించే క్షుద్రోపాసకుణ్ణి!

ఆ పొద్దున, గోప్యా చర్లకు వెళ్లిన వేళ చూసి, జంపయ్య గుడిసె ముందు నిలబడ్డాడు.

"నీ పెద్దది నా కాడ ఉన్నదే పిల్లా. చిన్నది గూడ రావాల్నా? వద్దంటే, గ్రహణం వట్టినంక పిల్లనూ కొలత టేపునూ వట్కొని ఇప్పచెట్టు కాడికి రా." అరచేతిలోని బూడిదను ద్వాలి ముఖాన ఊదాడు. అంతే! ఆమె కాళ్లు ఆమెవి కాకుండా పోయాయి...

ఇప్పుడు ఇప్పచెట్టు మొదట్లో తవ్విన గుంత... దాని పక్కన నెత్తుటి రంగు ముగ్గు. ముగ్గు నడుమ కుంకుమ పూసిన కపాలం... అరచేతిలో ఇమిడేంత చిన్న కపాలం! దాని పక్కనే మట్టి అంటిన నీలం పూస. మోతీ మెడలో ద్వాలి కట్టిన పూస! ద్వాలి దాన్ని చూసింది. పోల్చుకుంది. లోపల ఏమీ కదలలేదు.

"పండవెట్టు" అన్నాడు జంపయ్య. లాలిని ముగ్గులో పడుకోబెట్టింది. వాడు టేపు చివరను చెట్టుకు బిగించి, మొదలును తన మణికట్టుకు చుట్టుకుని వికటంగా నవ్వాడు.

"చెట్లను కొలిచిన నోరు నీదే. ఎనక్కి సదువు! సున్న కాడికి వచ్చేసరికి అడివి ఊపిరి మొత్తం గీ బుర్రల వడాలె!"

"నూట యాభై..." అంది ద్వాలి. ఆ గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుంది.

ఫెళ్లున ఉరిమింది! ఎక్కడో ఒక కొమ్మ విరిగింది. నూట ఇరవై... వర్షాకాలపు పచ్చని ఆకులు కొసల నుంచి మాడసాగాయి. ఎనభై... గాలి స్తంభించింది. యాభై... మద్దిమాను బెరడు చర్మంలా చిట్లింది. ముప్పై... సూర్యుడు గోటి ముక్కంత మిగిలాడు... చిమ్మచీకటి! కపాలంలోని కంటి గుంతలు ఎర్రగా రాజుకున్నాయి!

లాలి పొట్ట ఎగసిపడటం ఆగిపోయింది.

ద్వాలి చూస్తూనే ఉంది. వేలు పెట్టి చూడాలి. వేలు లేవదు. నోరు మాత్రం చదువుతూనే ఉంది.

"పన్నెండు... పదకొండు... పది..."

"ఆపకే! తొమ్మిదను!"

"తొమ్మిది లేదు."

"ఏంది?"

"లేదయ్యా. మా టేపు పది కాడ్నే షురూ."

జంపయ్య తన మణికట్టు వంక చూసుకున్నాడు. టేపు కొసన పీచు లేచిన తెగిన అంచు... జన్మలో ఒక్క చెట్టునూ కొలిచి ఎరగనివాడు, చుట్టుకునేటప్పుడు దాని మొదలు చూడలేదు!

అర్ధంతరంగా ఆగిన మంత్రం కాలనాగులా వెనుదిరిగింది! లక్ష ఆకుల ఊపిరి పోవడానికి చోటు లేక, సర్రుమని వాడి చేతిలోకే ఎక్కింది. టేపు బుసకొట్టింది. పోగొట్టుకున్న మొదలును వెతుక్కుంటూ వాడి భుజానికి, మెడకు, రొమ్ముకు చుట్టుకుంది... బిగిసింది! లాలి మొలతాడుకున్న ముక్క ఒక్కసారి అదిరింది. నేల పెఠిల్లుమని చీలి, మోతీని ఇన్నాళ్లూ ఒడిలో దాచుకున్న ఇప్పవేళ్లు పైకి లేచాయి. వాణ్ణి మాను వైపు ఈడ్చుకుపోయాయి!

"ఇడువు! ఇడువు తల్లీ! నీ కాల్మొక్త! ఆ కాంట్రాక్టరే... అ... ఆ..."

పిడుగు! ఆ వెలుగులో చెట్టు బెరడు నోరులా తెరుచుకుని మూసుకోవడం ద్వాలి కళ్లారా చూసింది.

తరువాత ఒక్క చప్పుడే మిగిలింది... లాలి కెవ్వుమని ఏడుస్తోంది!

సూర్యుడు మళ్లీ అంచు చూపించాడు. ద్వాలి కాళ్లూ చేతులూ మళ్లీ ఆమెవయ్యాయి. ద్వాలి చిన్న కపాలానికి కుంకుమ తుడిచింది, పక్కన పూస పెట్టింది, గుంతలో ఉంచి రెండు చేతులా మట్టి కప్పింది. మాను మొదట్లో జారిపడి ఉన్న టేపును చుట్ట చుట్టింది. పిల్లనెత్తుకుని ఇంటికి పోయింది.

"గ్రహణంల యాడికి వోయినవే? పానం పోయినంత పనైంది!" అని అరిచాడు అప్పుడే చర్ల నుంచి వచ్చిన గోప్యా.

"టేపు తెచ్చిన" అంది.

మాడిన చెట్లు శ్రావణం వానలకు మళ్లీ చిగిర్చాయి. మరుసటి ఏడు కొలతలకు సొసైటీ సారు తానే వచ్చాడు. రెండువందల పదిహేడో చెట్టు దగ్గర ఆగిపోయాడు. సరిగ్గా ద్వాలి రొమ్ము ఎత్తున మానుకు పెద్ద బుడిపె... రెండు గుంతలు... వాటి కింద తెరిచిన నోరులాంటి పగులు!

"పోయినేడు లేదే ఇది! చూస్తుంటే మనిషి మొహంలా ఉందేంటి?" అన్నాడు సారు, ఒకడుగు వెనక్కి వేస్తూ. "బుడిపె మీద కొలవకూడదమ్మా. లెక్కలోకి రాదు. దాని కిందికి పట్టు."

ద్వాలి ఒంగి, బుడిపెకు జానెడు కింద బొటనవేలు అదిమింది. గోప్యా టేపు తిప్పి తెచ్చాడు. పైనున్న పగుల్లోంచి సన్నగా, ఎవరో గుటక మింగినట్టు చప్పుడైంది... ఆమె తలెత్తలేదు.

"నూట పదహారు" అంది. "పది తీసేయ్. పోయినేటి మీద రెండు పెరిగింది."

ఇంకా చాలా చెట్లున్నాయి. పొద్దు గూకేదాకా కొలిచారు. ఆ రాత్రి అన్నం కలుపుతుంటే ద్వాలి చెయ్యి ఆగింది... ఇవాళ పొద్దుటి నుంచీ లాలి ముక్కు కింద ఒక్కసారి కూడా వేలు పెట్టి చూడలేదు.