వెనకద్దానికి నల్ల ఫిల్ము

ఉదయం ఏడుంబావుకి విజయశ్రీ టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, అలవాటుగా గుమ్మం పక్కనున్న మేకు వైపు చెయ్యి చాచింది. మేకుకి కారు తాళం లేదు. పన్నెండు రోజులుగా లేదు. అయినా చెయ్యి అటే పోతోంది.

"ఆటో వచ్చి పది నిమిషాలైంది," అన్నాడు భర్త సత్యనారాయణమూర్తి, పేపర్లోంచి తలెత్తకుండా.

"నా కారు వాకిట్లో పెట్టుకుని నేను ఆటోలో ఎందుకు వెళ్ళాలండీ?"

"మళ్ళీ మొదలెట్టకు. వాడు నీ మంచికే తాళం దాచాడు."

కొడుకు తేజేష్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గదిలోంచి వచ్చాడు. "అమ్మా, మొన్న ఆ ఇస్త్రీ ఆవిడ చెయ్యి విరిగింది. రేపు ప్రాణమే పోతే? యాభై నాలుగేళ్ళొచ్చాయి. చూపు తగ్గిందని ఒప్పుకోవడానికి నామోషీ దేనికి?"

"కళ్ళ డాక్టరు ఏం చెప్పాడు? అద్దాల నంబరు కూడా మారలేదన్నాడు కదరా!"

"ఆయన పగలు చూశాడు. సాయంత్రం సంగతి వేరు."

విజయశ్రీ చెప్పులు విసురుగా తొడుక్కుని బయటికి నడిచింది. ఆటోలో కూర్చున్నాక కూడా చెవులు వేడెక్కే ఉన్నాయి.

భర్తకి డ్రైవింగు రాదు, నేర్చుకోనని భీష్మించాడు. అందుకే నలభై తొమ్మిదో ఏట తానే నేర్చుకుంది. తణుకు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ తమ బంధువర్గంలో స్టీరింగు పట్టిన మొదటి ఆడది ఆమే. ఐదేళ్ళుగా ఉప్పల్ బడికి ఆ చిన్న కారులోనే వెళ్ళి వచ్చి, పదో తరగతికి లెక్కలు చెప్పింది. బండి మీద గీత పడలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తేజేష్ కారు కడిగిస్తానని తీసుకెళ్ళి, అద్దాలన్నిటికీ నల్ల ఫిల్ము వేయించుకొచ్చాడు. "ఎండాకాలం నీకు హాయిగా ఉంటుందమ్మా," అన్నాడు. లోపల కూర్చుంటే చీకటి గదిలా ఉందని ఆమె గొణిగింది. "అలవాటవుతుందిలే," అన్నాడు. మార్చిలో ఒక గురువారం, సాయంత్రం ఆరుముప్పావుకి, గేటులోంచి వెనక్కి తీస్తుంటే ధబ్బుమని చప్పుడైంది. దిగి చూస్తే వీధి చివర ఇస్త్రీ బండి నడిపే సూర్యకళ, కారు వెనక బట్టల మూట పక్కన పడిపోయి ఉంది. ఎడమ మణికట్టు విరిగింది. ఆ రాత్రే తాళం మాయమైంది.

ఆటోలో వెళ్ళిన ఆ రోజు సాయంత్రం విజయశ్రీ బడి నుంచి నేరుగా సూర్యకళ ఇంటికి వెళ్ళింది. ఆమె చేతికట్టు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"సూర్యకళా, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. కారు కదులుతుంటే నువ్వెందుకు ఆగలేదు?"

"అయ్యో టీచరమ్మా, దినాం పొద్దుగాల గంతే గదా! నువ్వు అద్దంల నన్ను జూస్తవ్, ఆగుతవ్, నేను పోత. గా దినం పొద్దుగూకినంక అద్దం ఉత్త నల్లగుండె. నీ మొఖమే కనవడలే. జూసినవనుకొని అడుగేసిన."

విజయశ్రీ చప్పున వెనుదిరిగింది. ఈమెకి తాను కనపడలేదు, తనకి ఈమె కనపడలేదు. మరి తన కళ్ళదేం తప్పు?

ఇంటికొచ్చేసరికి తేజేష్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. గడియారం ఆరూ నలభై చూపిస్తోంది.

"తాళం తీసుకురా."

"అమ్మా, మళ్ళీ..."

"నేను నడపను. నువ్వే కూర్చో. తీసుకురా!"

బడిలో కూడా ఆమె ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. తేజేష్ మారుమాట్లాడకుండా తాళం తెచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను ఆన్ చెయ్యొద్దంది. విడిచిన దుప్పట్లు మూట కట్టి చంకన పెట్టుకుని, కారు వెనక సూర్యకళ పడ్డ చోటే నిలబడి ఫోను చేసింది.

"అద్దంలో చూసి చెప్పు. నేనెక్కడున్నాను?"

ఫోన్లో తేజేష్ ఊహించి చెప్పాడు. "ఎడం పక్క... గేటు దగ్గరా?"

"తిరిగి చూసి చెప్పు."

"కనపడటం లేదమ్మా."

ఆమె మూట నేలకేసి కొట్టి, ముందుకొచ్చి కిటికీ అద్దం మీద అరచేత్తో బాదింది. "దిగరా! ఇరవై ఏడేళ్ళ కళ్ళు నీవి! నీకు కనపడలేదేం? నీకూ వయసైపోయిందా? నీ చేతిలోంచీ తాళం లాక్కోనా?"

గొడవకి మూర్తి వాకిట్లోకి వచ్చాడు. తేజేష్ దిగి తల వంచుకుని నిలబడ్డాడు.

"మల్లాపూర్ షాపతను ముందే చెప్పాడమ్మా," అన్నాడు. "బండి ఎవరు నడుపుతారని అడిగాడు. అమ్మ అన్నాను. అయితే వెనకద్దానికి ఇంత నలుపు వద్దు, పొద్దుగూకితే రివర్సులో ఏమీ కనపడదు, రూలు ప్రకారం కూడా దానికి డెబ్భై శాతం వెలుతురు రావాలన్నాడు. నేనే వినలేదు. ఫ్రెండ్సు కార్లలాగా నల్లగా ఉంటే బాగుంటుందని..."

"ఎప్పుడు గుర్తొచ్చింది నీకు ఆ మాట?"

"ఆ రోజే. ఆసుపత్రిలోనే."

"ఆసుపత్రిలోనే తెలుసు. తెలిసీ నలుగురిలో నన్ను గుడ్డిదాన్ని చేశావు. పన్నెండు రోజులు బోర్డు మీద అంకె వేసిన ప్రతిసారీ, సరిగ్గా వేశానా అని ఇంకోసారి చూసుకున్నానురా! నా కళ్ళని నేనే నమ్మలేదు. నువ్వు చేసిందానికంటే అదే నాకు ఎక్కువ మంటగా ఉంది."

"భయమేసిందమ్మా. ఆమె చెయ్యి విరగ్గొట్టింది నేనేనని..." అతనికి ఏడుపొచ్చేసింది.

"నా దగ్గర కాదు. ఆ ఏడుపేదో అక్కడ ఏడు. పద."

సూర్యకళ గడప ముందు నిలబడి తేజేష్ దాచకుండా అంతా చెప్పాడు.

"టీచరమ్మ మీద నాకు గుస్స లేకుండె," అంది సూర్యకళ. "నీ మీద మస్తున్నది. కట్టు ఇప్పేదాక దినాం వచ్చి ఇస్త్రీ బండి తీయి, బట్టలు ఇంటింటికి ఇయ్యి. తర్వాత జూద్దం."

"వస్తానక్కా," అన్నాడు.

తిరిగొస్తుంటే అతను తాళం చాచాడు. విజయశ్రీ తీసుకుంది. "కోపం పోయిందనుకోకు. రేపు పొద్దున్నే వేణ్ణీళ్ళు పెట్టి ఆ నలుపంతా నీ చేత్తోనే గీకెయ్యి. ఒక్క మరక మిగిలినా ఊరుకోను."

"సరేనమ్మా."

ఇంటి మెట్ల మీద మూర్తి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. భార్యని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"విజయా, అందరం నీకు చెప్పేవాళ్ళమే అయ్యాం. ఆ రోజు నీకు అద్దంలో ఏం కనిపించిందని నేనొక్కసారైనా అడగలేదు."

పన్నెండు రోజులుగా ఒక్క చుక్క రాల్చని విజయశ్రీ కళ్ళు అప్పుడు నిండాయి. భర్త పక్కన మెట్టు మీద చతికిలబడింది.

"నల్లగా ఉందండీ," అంది వెక్కుతూ. "అంతా నల్లగా. రెండుసార్లు చూశాను. నిజంగా రెండుసార్లు చూశాను."

మూర్తి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "చెప్పు," అన్నాడు. "మొదట్నించీ చెప్పు."