గాజు కిటికీలో ఒంటిచెయ్యి

ఆ సందు మలుపులో మా రేడియో కొట్టు వెనక గది ఉంది చూడు, మసక గాజు కిటికీ ఉన్నది... చీకటి పడితే అటు ఎవరూ పోయేవాళ్ళు కాదే చెల్లీ. పోక తప్పకపోతే తల దించుకుని, ఎదుటి గోడనానుకుని, గబగబా దాటేసేవాళ్ళు.

ఆ గాజులో ఒంటిచేతివాడు కనపడతాడని పేరు.

తల ఉంటుంది, భుజాలుంటాయి, కుడి చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి మెల్లమెల్లగా కదులుతూ ఉంటుంది... దేన్నో వెతుక్కుంటున్నట్టు. ఎడం చెయ్యి మాత్రం ఉండదు. భుజం దగ్గరే తెగిపోయినట్టుంటుంది.

ఎదురింటి దర్జీ అయితే ఓసారి నా మొహం మీదే అడిగాడు. "వదినా, మా అన్న కాపురం నీతోనా, ఆ ఒంటిచేతి దెయ్యంతోనా?"

నేను పడీ పడీ నవ్వాను. నాకు తెలుసు కదా. ఆ దెయ్యం మీ బావే.

పాత వాల్వు రేడియోలు, మైకు పెట్టెలు బాగుచేసేవాడు కదా. లోపల గాజు బుడ్లుంటాయి, వెలిగితే నిప్పుకణికల్లా ఉంటాయి. వాటి ముందు కూర్చుంటే చాలు, ఎడం చేతిని నడుం వెనక బెల్టులో దోపేసుకునేవాడు. పనంతా కుడి చేత్తోనే. ఎవరైనా చూస్తే రెండో చెయ్యి లేదనే అనుకుంటారు.

"ఎందుకయ్యా ఈ వేషం?" అంటే —

"రెండు చేతులూ పెడితే కరెంటు ఇటు నుంచి అటు పోతుందే. మధ్యలో ఉండేది గుండె. దానికి మనమే దారి ఇవ్వడం ఎందుకు?" అనేవాడు.

"ప్లగ్గు పీకేశావుగా మరి?"

"పీకితే చచ్చినట్టు పడుంటుంది. నమ్మకూడదు. లోపల ఆ డబ్బాలున్నాయి చూడు, కరెంటుని కడుపులో దాచుకుంటాయి. నువ్వు అన్నం తిని కునుకు తీసి వచ్చినా మర్చిపోవు. అచ్చం మీ అమ్మలాగ."

అమ్మని అన్నందుకు తిట్టాననుకో. కానీ అమ్మ అలాంటిదే కదే.

ముందు ఓ వైరు ముక్కతో ఆ డబ్బాల నోళ్ళు కలిపేవాడు. చిటుక్కుమనేది. అప్పుడు గానీ చెయ్యి పెట్టేవాడు కాదు. దెయ్యం ఉందన్న పుకారు కూడా మంచిదేలే, తాళం కప్ప అక్కర్లేదు అని నవ్వేవాడు.

ఇలా ఫోనులో రికార్డు చేసి పంపుతుంటే నువ్వు ఊ కొట్టవు, అదొకటి...

తర్వాత కుడి చెయ్యి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. "ఇంక చాలించవయ్యా" అంటే వింటాడా. "ఈ ఒక్క పెట్టె." అదీ ఆయన మాట. మూతపడ్డ సినిమా హాలులో సౌండు పెట్టె అది, ఇనపది, నడుం ఎత్తు ఉంటుంది. అందులో ఒక్కో బుడ్డీ చెంబంత.

నీకు తెలుసు ఏమైందో. కానీ నువ్వు ఆలస్యంగా వచ్చావు, నేను చూసింది నీకు చెప్పలేదు.

తలుపు తోసేసరికి ఆ పెట్టె మీద వాలి ఉన్నాడు, ఊపిరి లేదు. ప్లగ్గు పీకే ఉంది. వైరు ముక్క కిందే పడి ఉంది... డబ్బాలకి అంటించాడో, అంటించాననుకున్నాడో, ఆ వణుకులో ఎవరికి తెలుసు. కానీ చెల్లీ... ఎడం చెయ్యి బెల్టులో లేదే.

పెట్టె అంచుని పట్టుకుని ఉంది. వణికే ఒంటికి ఊతం కోసం.

జన్మంతా వెనక దాచుకున్న చెయ్యి. ఆ ఒక్కసారే ముందుకొచ్చింది.

వీధిలో వాళ్ళు ఏమన్నారో విన్నావుగా. ఒంటిచేతివాడు పట్టుకుపోయాడు అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న సాయంత్రం మా పెద్దాడు లారీ దిగి తిన్నగా వచ్చి కొట్టు తాళం అడిగాడు.

"నాన్న చేతిలో ఆగిపోయిందమ్మా ఆ సినిమా హాలు పెట్టె. పలికించి ఇచ్చేస్తే ఆయన పని పూర్తయినట్టు."

"నీకు లారీ తెలుసు గానీ దాని సంగతేం తెలుసురా?"

"ప్లగ్గు పెట్టి చూస్తా, పీకేసి ముట్టుకుంటా. అంతేగా."

పీకేసి ముట్టుకుంటాడట! వద్దురా అంటున్నా వినకుండా గూట్లో తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. నేను చెప్పులు వెతుక్కుని బయటపడేసరికి చీకటి పడింది. నా మోకాళ్ళ సంగతి తెలుసు కదా నీకు... ఒక అడుగు వేస్తే రెండోదాన్ని బతిమాలాలి.

సందు మలుపు తిరిగాను.

కిటికీలో వెలుగుంది. గాజులో నీడ ఉంది.

తల. భుజాలు. కుడి చెయ్యి. ఎడం చెయ్యి... లేదు.

అదే వంపు, అదే మెడ. ఇన్నేళ్ళూ చూసి నవ్విన నీడే కదే అది. మనిషి పోయి నెల తిరగలేదు.

అప్పుడు — ఫట్!

గాజంతా నీలంగా మెరిసింది. నీడ కూలిపోయింది.

ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. తలుపు తోశాను. పెద్దాడు గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. స్క్రూడ్రైవరు ఆ మూలకి ఎగిరిపోయింది. బతికున్నాడు. ఊపిరి పీలుస్తున్నాడు.

"పీకేశానమ్మా... అయినా కొట్టింది."

వాడి ఎడం చెయ్యి ఇంకా నడుం వెనకే ఉంది.

"ఆ చెయ్యి అక్కడ పెట్టుకోమని ఎవరు చెప్పార్రా నీకు?"

వాడు నన్ను వింతగా చూశాడు.

"నేను పెట్టుకోలేదమ్మా. పెట్టె అంచు పట్టుకోబోయాను. వెనక నుంచి మణికట్టు పట్టుకుని లాగావు కదా... నువ్వే అనుకున్నాను."

"నేను ఇప్పుడేగా వచ్చింది."

వాడు తన మణికట్టు చూసుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి అన్నాడు —

"ఆ చెయ్యి... వణుకుతోందమ్మా."

ఇంక అక్కడ ఉండలేదు. వాణ్ణి లేవదీసి బయటికి లాక్కొచ్చాను. వాడే తాళం వేశాడు. ఆ కంగారులో లైటు ఆర్పలేదు. నా చెయ్యి వదలకుండా నడిచాడు, చిన్నప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

సందు చివర ఆగి, ఎందుకో వెనక్కి చూశాను.

గాజులో నీడ ఉంది.

వాడు నా పక్కనే ఉన్నాడు. తాళం చెవి వాడి వేలికే వేలాడుతోంది.

ఆ నీడ పెట్టె మీదికి వంగింది. కుడి చెయ్యి వణుకుతోంది. అంత దూరానికీ తెలుస్తోంది ఆ వణుకు. ఇంతలో వెనక నుంచి రెండో చెయ్యి... మెల్లగా ముందుకి రావడం మొదలుపెట్టింది. పెట్టె అంచు కోసం.

"ఏమయ్యా!" అని అరిచాను. గుండెలు పగిలేలా అరిచానే చెల్లీ. "ఎడం చెయ్యి! వెనక్కి పెట్టుకో!"

దర్జీ తలుపు తెరిచాడు. పెద్దాడు నా భుజాలు పట్టుకుని ఊపుతున్నాడు. "ఎవరితోనమ్మా? ఎవరితో?"

నీడ ఆగింది. తల ఇటు తిప్పింది. అలాగే ఉంది కాసేపు.

తర్వాత... ఆ చేతిని మెల్లగా నడుం వెనక్కి తీసుకుంది.

బతికున్నన్నాళ్ళూ నా మాట ఒక్కటి విన్న మనిషి కాదే.