ఆరిన తరువాత నలుపు

పరీక్ష కోసం అచ్చు తీసిన మెట్లపట్టీ చివరి గడి మీద, నలుపెంతో కొలిచే ఛాయామాపిని ఆనించి హైమావతి ఊపిరి బిగబట్టింది. పచ్చదీపం వెలిగింది. తెలుపు నుంచి నలుపు దాకా ఇరవై ఒక్క మెట్లూ వరస తప్పలేదని తెర చెప్పింది. పట్టీ యంత్రంలోంచి బయటపడి నాలుగు నిమిషాలే అయింది.

రంగుల బొమ్మల్ని ఎవరైనా దొంగగా పుట్టించవచ్చని తేలిన నాటి నుంచి, పాత కెమెరాల్లోంచి ఛాయాకేంద్రం తీసే నలుపు తెలుపు అచ్చే రుజువు. కడలి మింగిన పల్లెల వాళ్లకు మెరకపేటలో ఇల్లు రావాలంటే ఆ అచ్చులో ఇంటి యజమాని కనబడి తీరాలి. తీరం మొత్తానికి ఇకపై ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో ఈ మధ్యాహ్నంలోగా అక్కడ అచ్చులు పరీక్షించే హైమావతి తేల్చాలి. ఇప్పుడున్న సమఛాయ నాలుగు నిమిషాల్లో కొలిచి పచ్చముద్ర వేస్తుంది. కొత్తగా వచ్చిన క్రమణి మాత్రం పట్టీ ఆరేదాకా కొలవనని గంటసేపు మొండికేస్తుంది. నాలుగేళ్లుగా సమఛాయతోనే పని చేసిన మనిషికి ఇందులో తేల్చడానికేముంది?

అంతలో మునిగిన పల్లె నుంచి పోలమ్మ అనే ముసలామె వచ్చి ఒక అచ్చు బల్ల మీద పెట్టింది. నెల కిందట హైమావతి ఇచ్చిందే.

"ఇందులో మా కొడుకు అప్పన్న ఏడమ్మా? ఇల్లు ఆడి పేరనే ఉండేది. ఇది పట్టుకెళ్లిన నాడు గుమ్మంలో ఉన్నాడు. ఇప్పుడు కనపడ్డం నేదు. మనిసి నేకపోతే ఇల్లు నేదంతన్నారు. కాయితాలు ఇచ్చీడానికి ఇయాలే ఆకరి రోజంట."

"ముద్ర పచ్చగానే ఉంది కదా మామ్మా," అంది హైమావతి విసుగ్గా.

"ముద్ర పచ్చగానే ఉంది. మనిసే నల్లబడిపోనాడు."

హైమావతి గుమ్మం మీద ఛాయామాపిని పెట్టింది. నీడా, తలుపూ, మనిషీ అన్నీ ఒకే అంకె. ఆరిన అచ్చును తను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కొలవలేదు. ఇందాకటి పట్టీని ఆరడానికి గాలికి పెట్టి, అప్పన్న కెమెరా బొమ్మను క్రమణిలోకి ఎక్కించి, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది.

పర్యవేక్షకుడు సన్యాసినాయుడు తలుపు తోసుకొచ్చాడు. "ఇంకా సంతకం పెట్టలేదేటి? పైనుంచి మూడు ఫోన్లు!"

"ఆరనివ్వండి సార్."

"ఆరితే ఏటవుద్ది? నాలుగేళ్లుగా పాస్ చేసింది నువ్వే కదా?"

"అదే నా భయం."

గంట తరువాత కొలిచింది. చివరి అయిదు మెట్లూ ఒకే నలుపులో కలిసిపోయాయి. సముద్రపు తేమకు సిరా కాగితంలోకి నిదానంగా దిగి, ఆరాక నల్లబడుతోంది. తను తడి మీద కొలిచి ఎంతమంది మనుషుల్ని నీడలో పూడ్చిందో! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

తడిదా, ఆరిందా, ఏ కొలతను ప్రమాణంగా నమోదు చేయాలని తెర అడిగింది.

"ఆరింది రాశావంటే అన్ని కేంద్రాలూ ఆగిపోతాయి," అన్నాడు నాయుడు గొంతు తగ్గించి. "నువ్వేసిన ముద్రలన్నీ రద్దయిపోతాయి. నీ ఉద్యోగం కూడా ఉండదమ్మా."

"ఇళ్లు పోయినవాళ్లు ఉన్నారు సార్." ఆరిన కొలతే రాసి, దాని కింద తన పేరు పెట్టింది.

గోడ పటంలో తీరం పొడవునా ఉన్న కేంద్రాల పచ్చదీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఆ గోలలోనే క్రమణి కొత్త అచ్చు బయటికి తోసింది. గుమ్మంలో బీడీ పట్టుకుని అప్పన్న నవ్వుతున్నాడు.

పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈసారి పోడు కదా?"

హైమావతి ఫోన్లకేసి చూడలేదు. కుర్చీ లాగి ఆమె ముందు వేసింది.

"కూర్చో మామ్మా. గంట ఆగి, కొలిచి చెబుతాను."